మా దిక్కు ఎవరూ తాగని లావెండర్ పాలు

జగిత్యాలలో హోటల్ పని నేర్పే కోచింగ్ సెంటర్లు పుట్టుకొచ్చాక, అక్కడ చదివే పిల్లలు అప్పుడప్పుడు కోరుట్ల దాకా వచ్చి నన్ను పలకరిస్తుంటారు. "రాజన్నా, దుబాయిల కిచెన్ పనంటే ఎట్లుంటది? ఏసీల ఉంటదా? తిండి మంచిగుంటదా?" అని అడుగుతారు. ఏసీలోనే ఉంటుంది. తిండికీ లోటుండదు. మీకు కావలసిన జవాబు అంతే అయితే చదవడం ఇక్కడితో ఆపి పాస్‌పోర్టు సంగతి చూసుకోండి.

నేను గల్ఫ్‌లో ఒక పెద్ద హోటల్లో, స్వీట్ల సెక్షన్‌లో పనిచేసి ముసలివాణ్ణయ్యాను. అందులో నా చేతికి బాగా అబ్బింది లావెండర్ పని. లావెండర్ అంటే ఊదారంగు పువ్వు. బియ్యపు గింజంత మొగ్గలను ఎండబెట్టి డబ్బాల్లో పంపుతారు. వేడి పాలలో, కాఫీలో, బిస్కెట్లలో, కేకుల్లో వేస్తారు. ఆ పాలు తాగితే హాయిగా నిద్ర పడుతుందని అక్కడికొచ్చే తెల్లవాళ్లూ అరబ్బులూ నమ్ముతారు. నిజంగా పడుతుందో లేదో నాకు తెలియదు, గ్లాసులు మాత్రం ఖాళీగా తిరిగొచ్చేవి.

ప్రమోషన్లు, సర్టిఫికెట్లు నేనిక్కడ రాయను. అవి గోడకు కొట్టుకోవడానికి పనికొస్తాయి. నేను చూసుకోవాలనుకున్నది ఒకటే. చేతికొచ్చిన ఆ ఒక్క విద్య నా సొంత అక్కకు, నా జనానికి ఒక్కసారైనా అక్కరకు వచ్చిందా? ముందే చెబుతున్నాను, ఇందులో ధైర్యం చెప్పే మాటలేమీ దొరకవు.

సిరిసిల్ల చాయ్

మా నాయన కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. చెట్టు మీది నుంచి పడి నడుము విరిగాక మా ఇంట్లో ఆ చెట్టెక్కే మోకు ఎవరూ ముట్టుకోలేదు. నేను సిరిసిల్ల పోయి, సాంచెలు నడిచే ఒక గల్లీలో చాయ్ మాస్టర్‌గా కుదిరాను. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఆ మోతలో పొద్దంతా నిలబడే మనిషికి చాయే మందు. ఆకు ఎంత మరిగితే అంత మంచిదని లెక్క. గిన్నె అంచు నల్లబడేదాకా మరిగించేవాణ్ణి. "రాజన్న చాయ్ తాగితే సచ్చినోడు గూడ లేసి కూసుంటడు" అని పరాచికాలాడేవారు.

తర్వాత సాంచెలు ఒకటొకటే ఆగిపోయాయి. పొద్దున మా దగ్గర చాయ్ తాగిన మనిషి సాయంత్రానికి ఉరి పోసుకున్నాడని వినడం మామూలైపోయింది. మా బెంచీల మీద కూర్చునేవాళ్లలో కొందరు భివండి పోయారు, కొందరు దుబాయి పోయారు, కొందరు ఎటూ పోకుండానే పోయారు. తాగేవాడు లేక చాయ్ హోటల్ మూతపడింది.

మా అక్క లచ్చవ్వను కొడిమ్యాల దిక్కు ఇచ్చాము. ఆమె మొగుడు మల్లేశం బావ అప్పటికే దుబాయిలో కట్టడం పనిలో ఉన్నాడు. "అచ్చెయ్ రా బామ్మర్దీ, ఈడ పని బంద్ కాదు" అని ఫోన్ చేశాడు. పెళ్లాం పిల్లలను కోరుట్లలో ఉంచి నేనూ విమానమెక్కాను.

ఈ చాయ్ సంగతి ఎందుకు చెప్పానంటే, ఎంత దూరం పోయినా పాత పని మన చేతులను వదలదు. కొత్త చోట మొదట ముంచేది అదే.

మరిగిన పువ్వు

కొన్నాళ్లు గిన్నెలు కడిగించి నన్ను స్వీట్ల సెక్షన్‌కు పంపారు. అక్కడి పెద్ద ఎలియాస్ అనే లెబనాన్ మనిషి. గొంతు పెద్దది. కోపం వస్తే గరిటె నేల మీద పడేది, మనిషి మీద కాదు. ఇది ఎంత గొప్ప గుణమో మిగతా బాసుల కింద పనిచేశాకే తెలిసింది.

ఒకరోజు ఎవరో గెస్టు లావెండర్ పాలు అడిగితే ఎలియాస్ ఆ పని నాకు చెప్పాడు. నాకు తెలిసిన విద్య ఒకటే కదా. పాలలో గుప్పెడు మొగ్గలు పోసి, పెద్ద మంట మీద సిరిసిల్ల లెక్కన మరిగించి పంపాను. గ్లాసు వెంటనే వెనక్కి వచ్చింది. సబ్బు నీళ్లు తాగించారని గెస్టు కేకలేశాడట. ఎలియాస్ నన్ను తిట్టలేదు. ఆ గ్లాసు నా చేతికిచ్చి, మొత్తం తాగేదాకా ఎదురుగా నిలబడ్డాడు. వేపాకు నమిలినట్టయింది.

"రాజా, యే చాయ్ నహీ హై. ఫూల్ హై" అన్నాడు. ఇది చాయ్ కాదు, పువ్వు అని.

ఆ తర్వాత దగ్గరుండి నేర్పాడు. పాలు పొంగకముందే దించాలి. పొయ్యి ఆర్పాకే పువ్వు వెయ్యాలి, అదీ చిటికెడే. వెంటనే మూత పెట్టాలి, లేకపోతే వాసన గాలికి పోతుంది, చేదు పాలకు మిగులుతుంది. కాసేపాగి మూత తీసి ముక్కుతో చూడాలి. గుమ్మనగానే వడకట్టి తేనె కలపాలి. బిస్కెట్లకైతే మొగ్గలను చక్కెరతో కలిపి గట్టి డబ్బాలో కొన్నాళ్లు మాగబెట్టి, తర్వాత ఆ చక్కెరనే వాడాలి. నిమ్మతొక్క దానికి మంచి జోడు. తినేవాడికి ఏదో పువ్వు ఉన్నట్టుంది అనిపించాలి. ఉందని తెలిసిపోయిందంటే ఎక్కువ వేసినట్టే.

ఇవన్నీ ఒక్క పూటలో చెప్పొచ్చు. చేతికి రావడానికి నాకు చాలా కాలం పట్టింది. నా చెయ్యి దానంతటదే మంట పెంచడానికి పోయేది. మన దిక్కు వంటవాళ్లకు ఉన్న జబ్బు ఇది. మంట తగ్గించి ఊరుకుంటే పని ఎగ్గొట్టినట్టు సిగ్గుపడతాము.

ఎలియాస్ పని మానేసి వాళ్ల దేశం పోయాక ఒక తెలుగు మేనేజర్ వచ్చాడు. మనవాడే కదా అని సంబరపడ్డాను. ఆయన మాతో ఇంగ్లీషు, హిందీ తప్ప మాట్లాడేవాడు కాదు. తెలుగులో పలకరిస్తే చుట్టూ చూసుకునేవాడు. మనవాడు పైన ఉంటే మనకు మేలని ఎవరైనా చెబితే నమ్మకండి. మన అవసరం ఎంతో వాడికి బాగా తెలుసు, అందుకే వాడు నొక్కినట్టు ఇంకెవరూ నొక్కలేరు.

శుక్రవారాలు

మల్లేశం బావ ఉండే కూలీల క్యాంపు ఊరి బయట ఎక్కడో ఉండేది. శుక్రవారం సెలవునాడు బస్సెక్కి మా హోటల్ వెనక గేటుకు వచ్చేవాడు. నేను విరిగిన లావెండర్ బిస్కెట్లు కాగితంలో చుట్టి తెచ్చేవాణ్ణి. కిచెన్ నుంచి ముక్క కూడా బయటికి పోకూడదని రూలు. మా సూపర్‌వైజర్ మారీ, ఫిలిప్పీన్స్ ఆమె, ఆ టైముకు అటు తిరిగి ఏదో తుడుస్తున్నట్టు నిలబడేది.

బావ ఒకటి నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టేవాడు. "సబ్బు బిళ్ల నమిలినట్టున్నది రా బామ్మర్దీ. గిది పైసలిచ్చి మరీ తింటరా?" అనేవాడు. అంటూనే మొత్తం తినేవాడు. చివరికి ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "తినేతందుకు పనికిరాదు గని, పూసుకుంటే మస్తుంటది" అనేవాడు.

ఒకసారి క్యాంపు దోస్తు ఎవరో ఊరికి పోతుంటే, బజారులో వెతికి ఊదారంగు సీసాలో లావెండర్ సెంటు కొని అక్కకు పంపాడు. మరుసటి శుక్రవారం వచ్చి, "నీ బిస్కెట్ల వాసన మీ అక్కకు తోలిన. గామె గూడ సూడనీ, నువ్వు ఈడ ఏం జేస్తున్నవో" అని నవ్వాడు. అంత తేలికగా నవ్వే మనిషిని నేను తర్వాత చూడలేదు.

ఆ ఎండాకాలమే బావ క్యాంపులో నిద్రపోయి లేవలేదు. మా దిక్కు మగవాళ్లు అక్కడ నిద్రలో పోవడం కొత్త కాదు. ఎండలో పనిచేసి వచ్చి పడుకుంటారు, తెల్లారి పక్కవాడు లేపితే లేవరు. గుండె ఆగిందని రాస్తారు. ఎందుకు ఆగిందో రాసిన కాగితం నేనైతే చూడలేదు. నేను పైసలున్నవాళ్లకు నిద్రపాలు కలుపుతుంటే, నా అక్క మొగుడు నిద్రలోనే పోయాడు.

పత్రాల పేరిట శవం చాలా రోజులు అక్కడే ఉండిపోయింది. శవం పెట్టె వెంట పోతానని లీవు అడిగాను. మేనేజర్ అప్పుడు, మొదటిసారి, నాతో తెలుగులో మాట్లాడాడు. "పెట్టె కార్గోలో అదే పోతుంది. నువ్వు వెళ్లి మోసేదేముంది? పెళ్లి ఆర్డర్లున్నాయి" అన్నాడు. నా పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. పెట్టె శంషాబాద్‌లో దిగిన రోజు నేను ఎవరి పెళ్లికో లావెండర్ కేకు చేస్తున్నాను. ఏడుస్తూనే చేశాను. కేకు బాగా కుదిరింది, అందరూ మెచ్చుకున్నారు. ఇప్పటికీ నాకు అదే అసహ్యం.

ఆ తర్వాత లీవుకు వచ్చిన ప్రతిసారీ అక్క కొడిమ్యాల నుంచి నన్ను చూడటానికి వచ్చేది. కానీ వాకిట్లోనే కూర్చునేది. పక్కన కూర్చుందామని పోతే ఏదో పని ఉన్నట్టు లేచి దూరం జరిగేది. బావను తీసుకుని రాలేదని నా మీద కోపం పెట్టుకుందనుకున్నాను. అడిగే ధైర్యం రాలేదు.

కోరుట్ల దుకాణం

నడుము పనికిరాకుండా పోయాక కంపెనీ నన్ను ఇంటికి పంపింది. వస్తూ పెద్ద డబ్బా నిండా ఎండు లావెండర్ తెచ్చుకున్నాను. కోరుట్ల బస్టాండు దగ్గర చిన్న దుకాణం పెట్టి, "లావెండర్ పాలు, లావెండర్ బిస్కెట్లు" అని బోర్డు రాయించాను. అన్నేళ్లు ఎవరెవరికో చేసిపెట్టాను, ఇప్పుడు మా వాళ్లకు చేస్తానని మురిసిపోయాను.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు కొందరు ఒక గ్లాసు తాగి, "మంచిగుందన్నా" అని పోయారు. మళ్లీ రాలేదు. ఆడవాళ్లయితే మెట్ల దాకా వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగేవారు. కొత్త రుచి కదా, అలవాటు కావాలి అనుకున్నాను. పువ్వు ఎక్కువైందేమోనని తగ్గించాను. ఇంకా తగ్గించాను. ఎంత తగ్గించినా ఆ కొంగులు మాత్రం ముక్కు మీదికి పోయేవి.

ఆ రోజుల్లోనే అక్క పరిస్థితి పాడైంది. ఆమె బీడీలు చేసి బతుకుతుంది. బావ పోయినప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. జగిత్యాల డాక్టరు ఇచ్చిన నిద్రగోలీలు మొదట్లో పనిచేశాయి, తర్వాత అవీ మానేశాయి. కళ్లు లోపలికి పోయాయి. తునికాకు కత్తిరిస్తూ వేలు కోసుకుంది. ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు నాతో విడిగా అన్నాడు. నేను పోయి ఆమెను కోరుట్ల తీసుకొచ్చాను. నా దగ్గర మందుందనే నమ్మకంతోనే తీసుకొచ్చాను. దానికోసమే ఆ పని నేర్చుకున్నానేమో అని కూడా అనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో పాలు కాచాను. అన్నీ కుదిరాయి. అంత మంచి పాలు నేను హోటల్లో కూడా ఎన్నడూ చెయ్యలేదు. తేనె కలిపి స్టీలు గ్లాసులో పోసి అక్క చేతికిచ్చాను. ఆమె నోటి దాకా తీసుకుపోయి ఆగిపోయింది.

"గిది యాడిది తమ్మీ?"

"పువ్వు అక్కా. అక్కడ పెద్ద పెద్దోళ్లు గిదే తాగి పంటరు. తాగు, నిద్ర పడ్తది."

గ్లాసు కింద పెట్టి, చేత్తో దూరంగా జరిపింది. కొంగు ముక్కుకు పెట్టుకుంది.

"మీ బావ పెట్టె వాసన గిది" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. అన్నేళ్లలో మొదటిసారి.

"పెట్టె అచ్చేవరకు చానా దినాలైపాయె గద. పెట్టె అస్తుందంటే ఊరోళ్లు ఇంట్ల ఉన్న దుబాయి సెంటు సీసలన్ని పట్కచ్చి పోస్తరు. వాసన ఆగాలె గద మరి. అందరు తెచ్చిర్రు. నా కాడ మీ బావ తోలిన సీస ఉండె. ఆయన అచ్చినంక పూసుకుందమని మూత గూడ తియ్యలే. గదే తెచ్చి మొత్తం పోసిన. గా పువ్వు వాసన కింది నుంచి ఇంకో వాసన అచ్చింది తమ్మీ. రెండు కలిసిపోయినయి. గప్పటి సంది కండ్లు మూస్తే గదే."

కొంగు ఇంకా గట్టిగా ఒత్తుకుని, "నువ్వు లీవుకు అచ్చినప్పుడు గూడ నీ బట్టలల్ల గదే వాసన. అందుకే నీ పక్కకు కూసోకపోతుంటి. కోపమనుకున్నవా?" అంది.

"అనుకున్న."

"నీ మీద నాకు కోపమెందుకు రా, పిచ్చోడా."

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ఆమే నా వీపు నిమిరింది, మొహం పక్కకు తిప్పుకుని.

దుకాణం మెట్ల మీది నుంచి ఆడవాళ్లు ఎందుకు వెనక్కి పోయారో అప్పుడు తెలిసింది. మా దిక్కు పెట్టె రాని ఊరు ఏదని వెతకాలి. గల్ఫ్ నుంచి వచ్చే అగ్గువ ధర సెంట్లలో లావెండరే ఎక్కువ. వాళ్లకు నేను అమ్మిన వాసన బిస్కెట్లది కాదు. నేను ఊళ్లో ఉండి ఉంటే, ఒక్క శవం వెంట అయినా వచ్చి ఉంటే, నాకూ తెలిసేది. నేను ఆ పువ్వును వంటగది వైపు నుంచే చూశాను.

బోర్డు తీసేశాను. దుకాణమంతా ఫినాయిలుతో కడిగించాను. ఇప్పుడు చాయ్, బన్ను అమ్ముతున్నాను. సిరిసిల్ల లెక్కనే గిన్నె నల్లబడేదాకా మరిగిస్తాను, ఎందుకని అడిగేవాడు లేడు. వాసన పోయాక అక్క దుకాణానికి వచ్చి బెంచీ మీద చాట పెట్టుకుని బీడీలు చేసుకోవడం మొదలుపెట్టింది. నిద్ర మాత్రం రాలేదు.

కిచెన్ పనికి పోయే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. పని నేర్చుకోండి, ఒళ్లు దాచుకోకుండా నేర్చుకోండి. కానీ ఆ రుచి మీ ఇంటివాళ్ల కోసం దాచుకుని తేవచ్చని అనుకోకండి. మీరు అక్కడ ఉన్నంతకాలం ఇక్కడ వాళ్ల మీద ఏం గడిచిందో మీకు తెలియదు. తెలియకుండా వండిన వంట గొంతు దిగదు.

మిగిలిన డబ్బా

ఎండు లావెండర్ డబ్బా పారెయ్యడానికి మనసొప్పక, మూత బిగించి పై అరలో పెట్టాను. ఒక మధ్యాహ్నం ఒక మనిషి బండి ఆపి లోపలికి వచ్చాడు. మొహమంతా దుమ్ము.

"అన్నా, నీ కాడ సెంటు వాసన పువ్వు ఉంటదట గద."

"పాలు బంద్ చేసిన తమ్మీ. చాయ్ తాగుతవా?"

"పాలకు గాదన్నా. మాది కొడిమ్యాల దిక్కు. మా తమ్ముడు రేపు అస్తున్నడు." నేల చూస్తూ, "పెట్టెల" అన్నాడు. "చానా దినాలైంది. ఊళ్లె ఉన్న సెంటు సరిపోయేటట్టు లేదు."

ఇది తినే పువ్వని చెప్పబోయి ఊరుకున్నాను. డబ్బా దించి చేతికిచ్చాను. వేడి నీళ్లు పోసి మూత పెట్టి, చల్లారాక చల్లమన్నాను. ఆ మాట చెబుతుంటే నా గొంతు మేస్త్రీ గొంతులాగే పలికింది. పని నేర్పేటప్పటి గొంతు. నా మీద నాకే రోత పుట్టింది.

బెంచీ మీద అక్క చెయ్యి ఆగింది. "పిలగానికి పెండ్లయిందా?" అని అడిగింది.

"అయిందమ్మా. పోయే ముందటనే అయింది."

అక్క చాటలోని ఆకు, తంబాకు సంచిలో వేసుకుని లేచింది. "నడువు కొడుకా, నేనస్త" అంది.

"నీకు పడదు గద అక్కా గా వాసన" అన్నాను.

"పడదు. రేపటి సంది గా పిల్లకు గూడ పడదు. పక్కకు ఎవలన్న కూసోవాలె గద. నా పక్కకు ఎవలు కూసోలే. అందరు సెంటు చల్లుడుకాన్నే ఉన్నరు."

నా చేతి పాలు ఒక గుటక తాగలేకపోయిన మనిషి, ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని, కొంగు ముక్కుకు చుట్టుకుని బండెక్కింది. నేను దుకాణంలోనే నిలబడ్డాను. ఆ పువ్వుతో ఇన్నేళ్లు నేను చేసిన పనిలో నా జనం అడిగి తీసుకుపోయింది అదొక్కటే.

కొన్ని రోజులకు తిరిగొచ్చింది. ఇంకా చిక్కిపోయింది. చాయ్ ఇచ్చాను, తాగింది. ఏం అడగాలో తెలియక పువ్వు గురించే అడిగాను.

"సరిపోయిందా అక్కా?"

"సరిపోలే" అంది.